మూగతెర మీది గొంతు: విలియం హార్ట్

మన లాక్షణికులు అభినయాన్ని నాలుగు తెరగులుగా విభజించారు. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అనే ఆ నాలుగింటిలో వాచికాన్ని పూర్తిగా విడిచిపెట్టి, తక్కిన మూడింటితోనే లోకాన్ని మెప్పించవలసిన అగత్యం చలనచిత్రం పుట్టిన తొలి దశాబ్దాలలో నటులకు ఏర్పడింది. పాతికేండ్లపాటు రంగస్థలం మీద కంఠాన్నే నమ్ముకొని జీవించిన ఒక నటుడు, యాబదవ పడికి చేరువైన వేళ ఆ కంఠాన్ని పక్కనబెట్టి మూగతెర మీద అడుగుపెట్టాడు. తానే దర్శకుడై, తానే నాయకుడై, పదకొండేండ్లు ఆ రంగంలో వెలిగాడు. పిదప 14 ఏండ్ల మౌనం తరువాత, 74వ యేట, ఒకే ఒక్కమారు తెరమీద నోరు విప్పి తన కళను గూర్చి మాట్లాడి సెలవు పుచ్చుకొన్నాడు. ఆయన పేరు విలియం సర్రీ హార్ట్. అమెరికా పశ్చిమసీమ కథలతో అల్లిన వెస్టర్న్ చిత్రాలకు, అనగా మన ప్రేక్షకులు కౌబాయ్ చిత్రాలని పిలుచుకొనే వాటికి, గాంభీర్యాన్ని సమకూర్చిన తొలితరం కళాకారులలో ఆయన ముఖ్యుడు.

హార్ట్ 1864 డిసెంబరు 6న న్యూయార్కు రాష్ట్రంలోని న్యూబర్గ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి పిండిమరల పనిలో నేర్పరి. బ్రతుకుతెరువు వెదకికొంటూ ఊరినుండి ఊరికి తిరిగే ఆయన వెంట కుటుంబం కూడ పడమటి దిక్కుగా తరలిపోయింది. పశువుల మందలు, పచ్చిక బయళ్లు, సూ తెగకు చెందిన ఆదివాసుల గుడారాలు ఇవీ ఆ బాలుని తొలి బడి. ఆ తెగ పిల్లలతో కలసి ఆడుకొంటూ వారి భాషను, చేతిసైగలతో నడిచే సంభాషణను కొంత నేర్చుకొన్నానని హార్ట్ పెద్దవాడైన తరువాత తన ఆత్మకథలో వ్రాసుకొన్నాడు. తల్లి ఆరోగ్యం క్షీణించడంతో కుటుంబం మరల తూర్పుకు వచ్చింది. పల్లెల స్వేచ్ఛ పోయి నగరపు ఇరుకు వచ్చింది. యువకుడైన హార్ట్ న్యూయార్కులో తపాలా గుమాస్తాగా కొంతకాలం పనిచేశాడు. అయితే బాల్యంలో చూచిన ఆ బయళ్లు మాత్రం ఆయన మనస్సులోనుండి చెరగిపోలేదు. తరువాతి జీవితమంతా ఆ జ్ఞాపకానికి వ్రాసిన వ్యాఖ్యానమే అనవచ్చు.

సుమారు 1888 ప్రాంతంలో ఆయన నాటకరంగంలో ప్రవేశించాడు. ఆనాడు నటుని బ్రతుకంటే నిత్యప్రయాణం. నాటక సమాజాలు రైళ్లలో ఊరూర తిరిగేవి. ఒక్కొక్కప్పుడు సమాజం నడిదారిలో కూలిపోతే నటులు చేతిలో చిల్లిగవ్వ లేక చిక్కుపడేవారు. ఆ కష్టాలన్నీ హార్ట్ చవిచూశాడు. షేక్స్పియర్ నాటకాలలో పాత్రలు ధరించాడు. పోలండు దేశీయురాలైన మహానటి మోజెస్కా సమాజంలో మెలగాడు. 1899లో న్యూయార్కులో ప్రదర్శితమైన బెన్‌హర్ నాటకంలో ప్రతినాయకుడు మెస్సాలా పాత్ర ఆయనకు పేరు తెచ్చింది. రంగస్థలం మీద కదిలే పట్టాలపై నిజమైన గుర్రాలను పరుగెత్తించి రథాల పందెం చూపించిన నాటకమది. ఆ పందెంలో ఓడిపోయే రథికుడు హార్టే.

ఇన్నేండ్లు గడచినా పశ్చిమసీమ పాత్ర ఒక్కటైనా ఆయనకు దక్కలేదు. 1905లో స్క్వామాన్ అనే నాటకంలో క్యాష్ హాకిన్స్ అనే దుండగీడుగా కనిపించేనాటికి ఆయనకు 40 ఏండ్లు నిండాయి. ప్రేక్షకులకు అది ఒక కొత్త పాత్ర. హార్ట్‌కు మాత్రం చిన్ననాటి ఊరికి తిరిగి వెళ్లినట్లయింది. తరువాత వర్జీనియన్ నాటకంలో నాయకపాత్ర ధరించి దేశమంతటా పర్యటించాడు. కౌబాయ్ అంటే ఎట్లా నిలబడతాడో, ఎట్లా నడుస్తాడో, ఎంత తక్కువ మాట్లాడతాడో ఆయన ఊహించి చూపనక్కరలేకపోయింది. చూచినదాన్ని జ్ఞాపకం తెచ్చుకోవడమే చాలింది.

ఇట్టి పర్యటనలలోనే, క్లీవ్లండ్ నగరంలో ఒకనాడు తీరిక దొరికి ఆయన ఒక చలనచిత్రశాలలోకి వెళ్లాడు. తెరమీద నడుస్తున్నది పశ్చిమసీమ కథ. ఆనాటికి ఈ తరహా చిత్రాలు కొత్తవి కావు. 1903లో వచ్చిన గ్రేట్ ట్రెయిన్ రాబరీ, అమెరికాకు తూర్పు కొసనున్న న్యూజెర్సీలో తీసిన చిత్రమే అయినా, దోపిడిదొంగల కథతో దేశాన్ని ఉర్రూతలూగించింది. అందులో నటించిన ఆండర్సన్ బ్రాంకో బిల్లీ అనే పేరుతో వందలాది చిన్న చిత్రాలు తీశాడు. గిరాకీ పెరిగినకొద్దీ తయారీలో శ్రద్ధ తరిగింది. హార్ట్ చూచిన ఆ చిత్రంలో వేషాలు తప్పు, అలవాట్లు తప్పు, న్యాయాధికారి దుస్తులు సైతం నవ్వు పుట్టించేవిగా ఉన్నాయి. చుట్టూ ఉన్నవారు ఆనందిస్తుండగా ఆయన ఒక్కడే బాధపడ్డాడు. తాను ఎరిగిన లోకాన్ని ఎరుగనివారు చిత్రిస్తున్నారనీ, ఎరిగిన తాను ఊరకున్నాడనీ ఆయనకు తోచింది. నాటకం పర్యటన కాలిఫోర్నియా చేరే వరకు ఆ సంకల్పాన్ని మనస్సులోనే దాచుకొన్నాడు.

కాలిఫోర్నియాలో ఆయనకు పాతమిత్రుడు ఒకడున్నాడు. ఒకప్పుడు తనవలెనే రంగస్థలం మీద కష్టపడిన థామస్ ఇన్స్ అప్పటికే పేరుపడ్డ నిర్మాత. సముద్రతీరాన కొండలోయలో విశాలమైన చిత్రనిర్మాణ స్థలం ఏర్పరచి, ఓక్లహోమా ప్రాంతపు ఒక ప్రదర్శన బృందం నుండి నిజమైన కౌబాయ్‌లను, సూ తెగవారిని రప్పించి, వారిచేతనే చిత్రాలు తీస్తున్నాడు. హార్ట్ ఆ స్థలాన్ని చూచి పొంగిపోయాడు. ఇన్స్ మాత్రం మిత్రుని నిరుత్సాహపరచాడు. ఈ తరహా చిత్రాలకు కాలం చెల్లిందనీ, ప్రతి సంస్థా వాటినే తీసి ప్రేక్షకులకు విసుగు పుట్టించిందనీ ఆయన వ్యాపారదృష్టి. హార్ట్ పట్టు విడువలేదు. 1914లో, 49 ఏండ్ల వయస్సులో, మొదట రెండు రీళ్ల చిత్రాలలో దుష్టపాత్రలు ధరించి, పిదప బార్గెయిన్ అనే పెద్ద చిత్రంలో నాయకుడయ్యాడు. ఆ చిత్రంలోని కొన్ని దృశ్యాలను గ్రాండ్ కాన్యన్ మహాలోయలోనే తీశారు. పని ముగియగానే తన కథ ముగిసిందనుకొని హార్ట్ న్యూయార్కుకు తిరిగిపోయాడు. చిత్రం ఘనవిజయం పొందింది. ఇన్స్ ఆయనను వెనుకకు పిలిపించి, నటించడమేగాక దర్శకత్వం కూడ వహించే బాధ్యతను అప్పగించాడు.

నటుడు దర్శకుడైనప్పుడు సాధారణంగా తన ముఖాన్నే తెరనిండా నింపుకొంటాడని ఒక అపవాదు ఉంది. హార్ట్ విషయంలో అది కొంత నిజమే. ఆయన పొడవైన కోలముఖం, చలనంలేని చూపులు ప్రతి చిత్రంలోనూ చాలాసేపు కనిపిస్తాయి. కాని ఆ ముఖంతోపాటు ఆయన తెరమీదికి తెచ్చినది మరొకటి ఉంది. అది దుమ్ము. ఆయన చిత్రాలలో వీథులు దుమ్ము కొట్టుకొని ఉంటాయి. గోడలు వెలిసిపోయిన పలకలతో, ఇండ్లు ఎప్పుడు కూలునో అన్నట్లు ఉంటాయి. చొక్కాలు మాసి ఉంటాయి; టోపీలు ఎండకు వానకు ఆకారం పోగొట్టుకొని ఉంటాయి. భరతముని సంప్రదాయంలో ఆహార్యం పాత్రను అలంకరించేది; హార్ట్ చేతిలో అదే ఆహార్యం పాత్ర గతాన్ని చెప్పే సాక్షి అయింది. ఛాయాగ్రాహకుడు జోసెఫ్ ఆగస్టు, కథారచయిత గార్డ్‌నర్ సలివన్ ఈ కృషిలో ఆయనకు కుడిభుజం, ఎడమభుజం వంటివారు.

నటనలో ఆయన పాటించిన పద్ధతి కూడ విశేషమైనది. మూగచిత్రాలలో మాట లేనందువల్ల చేతులు విసరడం, కనులు త్రిప్పడం హెచ్చుగా ఉండేవి. కంఠబలం గల నాటకనటుడు కనుక హార్ట్ మరింత అతిగా నటించవలసింది. అందుకు భిన్నంగా ఆయన ఆంగికాన్ని తగ్గించి సాత్త్వికాన్ని పెంచాడు. తుపాకిని బయటికి తీయడానికి ముందు నిశ్చలంగా నిలబడడం, కోపాన్ని పెదవుల బిగువులో మాత్రమే చూపడం ఆయన సొత్తు. తరువాత ఎందరో వెస్టర్న్ నాయకులకు ఈ మితభాషిత్వమే లక్షణమైంది.

ఆయన కథానాయకుడు సాధారణంగా పుట్టుకతో సజ్జనుడు కాడు. దొంగయో, జూదగాడో, హంతకుడో అయి ఉంటాడు. కథ నడిచేకొద్దీ వానిలో అణగిఉన్న మంచితనం మేలుకొంటుంది. 1916లో వచ్చిన హెల్స్ హింజెస్ దీనికి మంచి ఉదాహరణ. పాపపంకంలో మునిగిన ఒక ఊరికి బలహీనుడైన యువ మతబోధకుడు తన చెల్లెలితో వస్తాడు. వారిని తరిమివేయడానికి నియుక్తుడైన తుపాకివీరుడు ఆ చెల్లెలి నిర్మలమైన ముఖం చూచి మారిపోతాడు. బోధకుడు మాత్రం పతనమై, తాగినమైకంలో తన దేవాలయం తగులబెట్టే మూకలో చేరి ప్రాణం కోల్పోతాడు. చివరకు నాయకుడు ఆ ఊరినే అగ్నికి ఆహుతి చేస్తాడు. పాపి పుణ్యాత్ముడు కావడం, పుణ్యాత్ముడు పాపి కావడం ఒకే కథలో చూపిన ఈ చిత్రం నేటికీ గౌరవం పొందుతున్నది. అమెరికా దేశపు జాతీయ చిత్రసంపదలో బార్గెయిన్‌తోపాటు దీనికీ స్థానం లభించింది.

ఆయన ప్రఖ్యాతిలో ఒక మూగజీవికి కూడ పాలుంది. ఫ్రిట్జ్ అనే మచ్చల గుర్రం ఆయన చిత్రాలలో పేరుతోసహా ప్రేక్షకులకు పరిచయమైన నటుడు. ఇన్స్‌తో జీతభత్యాల విషయంలో మనస్పర్థలు వచ్చినప్పుడు, హార్ట్ కొంతకాలం ఆ గుర్రాన్ని చిత్రాలలో చూపడం మానివేశాడు. చివరకు దాన్ని తన సొంతం చేసుకొని, 1917లో వచ్చిన న్యారో ట్రెయిల్ చిత్రంలో మరల తెరమీదికి తెచ్చాడు. ఆ ఏడే ఆయన అడాల్ఫ్ జూకర్ సంస్థలో చేరి పెద్ద పారితోషికం పొందసాగాడు. ప్రపంచయుద్ధ కాలంలో ప్రభుత్వ ఋణపత్రాల విక్రయానికై చాప్లిన్, ఫెయిర్‌బాంక్స్, మేరీ పిక్ఫర్డ్‌లవలెనే ఆయనా పర్యటించాడు. 1919లో ఆ ముగ్గురు దర్శకుడు గ్రిఫిత్‌తో కలసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థను స్థాపింపబూనినప్పుడు మొదటి సంప్రదింపులలో హార్ట్ కూడ ఉన్నాడు. తరువాత వెనుకకు తగ్గాడు. నటులే యజమానులు కాగల ఆ అవకాశాన్ని జారవిడచిన ఫలితం ఆయనకు ముందు ముందు తెలిసివచ్చింది.

ఏలనంటే కాలం మారుతున్నది. టామ్ మిక్స్ అనే కొత్త వీరుడు వచ్చాడు. తళతళలాడే దుస్తులు, సర్కసు విన్యాసాలు, వేగం, హాస్యం ఆయన సరకు. యుద్ధానంతరపు యువతరానికి ఆ సంబరం నచ్చింది. హార్ట్ చిత్రాలలోని గాంభీర్యం వారికి ముసలితనంగా కనిపించింది. ఇంటి జీవితంలోనూ సుఖం లేదు. 1921 డిసెంబరులో నటి వినిఫ్రెడ్ వెస్టోవర్‌ను వివాహమాడాడు. కొద్ది నెలలకే ఎడబాటు కలిగింది, 1922లో కుమారుడు పుట్టాడు, 1927లో విడాకులయ్యాయి. 1923లో వైల్డ్ బిల్ హికాక్, 1924లో సింగర్ జిమ్ మెకీ చిత్రాలు వచ్చిన పిదప, ఇకమీదట కథల ఎన్నికలోనూ నిర్మాణంలోనూ తమ మాట వినవలెనని సంస్థ కోరింది. కొండంత జీతం ఒకవైపు, తన పద్ధతి ఒకవైపు. హార్ట్ జీతాన్ని వదులుకొన్నాడు.

అట్లా బయటపడి, 1925లో ఆయన తీసిన కడపటి చిత్రం టంబుల్‌వీడ్స్. గాలికి దొర్లిపోయే ఎండుపొదలకు ఆ పేరు. నిలుకడలేని కౌబాయ్‌లకు కూడ ఆ పేరే వాడుకలో ఉంది. దర్శకుడుగా కింగ్ బాగట్ పేరు ఉన్నా అందులో హార్ట్ చేయి అడుగడుగునా కనిపిస్తుంది. ఇతివృత్తం చరిత్రలో నుండి తీసుకొన్నది. 1893 సెప్టెంబరు 16న ఓక్లహోమా ప్రాంతంలోని చెరోకీ స్ట్రిప్ అనే విశాలభూమిని ప్రభుత్వం వలసరైతులకు తెరచింది. మిట్టమధ్యాహ్నం తుపాకి మ్రోగగానే, లక్షమందికి పైగా జనం గుర్రాల మీద, బండ్లమీద, కాలినడకన పరుగెత్తి, ముందు చేరినవారు ముందు గుంజ పాతుకొన్నారు. ఆ పరుగును హార్ట్ తెరకెక్కించిన తీరు అపూర్వం. ముహూర్తానికై వేచిన బండ్ల బారులు, బిగబట్టిన ముఖాలు, గడియారపు ముల్లు, ఒక్క పెట్టున విరుచుకుపడే జనసముద్రం, దుమ్ముతెరల మధ్య అందరినీ దాటి దూసుకుపోయే ఒంటరి రౌతు. ఆ రౌతు 60 ఏండ్ల హార్ట్. పరుగుకు ముందు మరొక దృశ్యం ఉంది. పశువుల మందలు ఆ బయళ్లను విడిచి శాశ్వతంగా వెళ్లిపోతుండగా కౌబాయ్‌లు టోపీలు తీసి మౌనంగా నిలబడతారు. ఒక జీవనవిధానం కనుమరుగైపోవడాన్ని అంతకంటె క్లుప్తంగా చూపడం కష్టం.

ఇంతటి చిత్రానికి ఆశించినంత ఆదరణ దక్కలేదు. దాన్ని విడుదల చేసినది యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థయే. తాను ఒకప్పుడు భాగస్వామి కాబోయి వదులుకొన్న సంస్థ. పంపిణీలో తగినంత శ్రద్ధ చూపలేదని హార్ట్ ఆ సంస్థపై దావా వేశాడు. ఏండ్ల తరబడి నడచిన ఆ వ్యాజ్యంలో తుదకు న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. కాని తీర్పు చిత్రాలు తీయించలేదు. ఆయన న్యూహాల్ కొండమీద కట్టుకొన్న ఇంటికి చేరి, సోదరి మేరీ తోడుగా, పుస్తకాలు వ్రాస్తూ కాలం గడిపాడు. 1929లో ఆత్మకథ వెలువడింది. అదే ఏడు మరణించిన వృద్ధ తుపాకివీరుడు వయాట్ అర్ప్ పాడెను మోసినవారిలో హార్ట్ ఒకడు. ఆనాటికి టాకీలు వచ్చాయి. నాటకరంగంలో పండిన కంఠం గల హార్ట్‌ను టాకీలు పిలవలేదు. విధి వైపరీత్యమంటే ఇదే కాబోలు.

1939లో టంబుల్‌వీడ్స్‌ను సంగీతంతో, ధ్వనితో మరల విడుదల చేయ సంకల్పించారు. దానికి ముందుమాటగా సుమారు ఎనిమిది నిమిషాల దృశ్యం ఒకటి కావలసివచ్చింది. హార్ట్ తన ఇంటి ఆవరణలోనే, పాత కౌబాయ్ వేషంతో, కెమెరాకు ఎదురుగా నడచివచ్చి, టోపీ తీసి మాట్లాడాడు. మొదట చెరోకీ భూమి చరిత్ర చెప్పాడు. పిదప తన వయస్సు, తనకు తగిలిన గాయాలు ఇక ఈ పనికి తనను అనుమతించవని ఒప్పుకొన్నాడు. అక్కడినుండి ఆయన మాటలు చిత్రనిర్మాణపు ఆనందంవైపు మళ్లాయి. ముఖానికి కొట్టే గాలి, వెంటాడేవారి గుర్రాల డెక్కల చప్పుడు, ఆ తొందరలో వినిపించే దర్శకుని కేక, పని ముగిసిన పిమ్మట కలిగే తృప్తి ఒక్కొక్కటే తలచుకొన్నాడు. చివరకు దుమ్ములో కనిపించీ కనిపించని ఒక మంద తనను పిలుస్తున్నదనీ, అందులో ఖాళీ జీనుతో ఒక మచ్చల గుర్రం తనకై కాచుకొని ఉన్నదనీ ఊహించుకొన్నాడు. అంతకు ముందటి ఏడే ఫ్రిట్జ్ మరణించి ఆ ఇంటి ఆవరణలోనే సమాధి అయింది. ఆ మాటల్లో స్వరం వణికింది. నాటకఫక్కిలో కొంత అతిశయం ఉన్నా, వినేవారి గుండె కరగక మానదు. మూగతెర వీరుని పూర్తి కంఠస్వరాన్ని చిత్రప్రేక్షకులు విన్నది ఆ ఒక్కసారే.

ఇంత సత్యనిష్ఠ గల కళాకారుని చిత్రాలలో లోపాలు లేవా? ఉన్నవి. దుస్తులలో, వీథులలో చూపిన వాస్తవికత కథలలో ఎల్లప్పుడూ లేదు. నాయిక ముఖం చూడగానే దుర్మార్గుడు మారిపోవడం పలుమార్లు పునరుక్తమైంది. 1916 నాటి ఆర్యన్ వంటి చిత్రంలో జాత్యహంకారం పచ్చిగా కనిపిస్తుంది. సూ పిల్లలతో ఆడుకొన్న మనిషియే, చెరోకీ స్ట్రిప్ చెరోకీ ప్రజల చేతులనుండి ప్రభుత్వపు ఒత్తిడి మీద జారిపోయిన నేల అనే విషాదానికి తన గొప్ప చిత్రంలో తగిన చోటు ఇవ్వలేదు. బయళ్లను కోల్పోయిన కౌబాయ్‌ల దుఃఖానికి టోపీ తీసినవాడు, వారికంటె ముందే వాటిని కోల్పోయినవారి వైపు చూపు నిలపలేదు. తాను ప్రేమించిన సత్యంలో సగాన్నే ఆయన చూడగలిగాడు. అయినా ఆ సగం చూపినందుకే తరువాతివారికి తక్కిన సగం వెదకే బాధ్యత తెలియవచ్చింది.

సోదరి మేరీ 1943లో మరణించింది. హార్ట్ 1946 జూన్ 23న, 81వ యేట కన్నుమూశాడు. న్యూయార్కు నగరపు బ్రూక్లిన్‌లోని గ్రీన్‌వుడ్ శ్మశానంలో ఆయన భౌతికకాయాన్ని ఖననం చేశారు. తూర్పున పుట్టి పడమటిని ప్రేమించినవాడు తుదకు తూర్పుననే విశ్రమించాడు. న్యూహాల్ ఇంటిని, భూమిని ఆయన ప్రజల కోసం విడిచిపోయాడు. తన చిత్రాలకు పైకం ఇచ్చినవారు ప్రజలే కనుక, ఆ పైకంతో కట్టిన ఇల్లు వారికే చెందవలెనని ఆయన భావన. అది తరువాత ప్రదర్శనశాలగా, ఉద్యానవనంగా మారింది.

నేర్చిన విద్యను కాలం అడగకపోవచ్చు. అడగని విద్యను పక్కనబెట్టి కొత్త విద్యను నేర్చుకోవడం ఒక ధైర్యం. ఆ కొత్త విద్యలో తాను ఎరిగినదాన్ని ఎరిగినట్లే చూపడానికి జీతాన్ని, ప్రఖ్యాతిని వదులుకోవడం మరొక ధైర్యం. హార్ట్ రెండింటినీ చూపాడు. ఆయన తీసిన చిత్రాలలో కొన్ని కాలగర్భంలో కలసిపోయాయి. మిగిలినవాటిని చూచినప్పుడు, వాటిలోని దుమ్ము నిజమైన దుమ్మని ఇప్పటికీ తెలుస్తుంది.